ఎర్ర పెన్సిల్‌తో సన్నబడిన నడుము: శ్రీకాకుళంలో పిల్లల యానిమేషన్ శిక్షణపై ఒక సమీక్ష

ఈ వేసవి సెలవుల్లో, ఏడో తరగతి పూర్తయిన మా అమ్మాయిని శ్రీకాకుళంలో ఒక యానిమేషన్ శిక్షణ తరగతిలో చేర్పించాము. ఏడు రోడ్ల జంక్షన్ నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో, ఒక మేడ మీది రెండు గదుల్లో, 24 రోజుల పాటు ఉదయం ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర వరకు ఈ తరగతి జరిగింది. ఫీజు 4,500 రూపాయలు తీసుకున్నారు. కాగితాలు, పెన్సిళ్లు వాళ్లే ఇచ్చారు. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల వయసున్న పిల్లలు 18 మంది చేరారు, వారిలో 11 మంది ఆడపిల్లలు. దసరా సెలవుల్లో మళ్లీ ఇటువంటి తరగతి పెడతామని చెప్పారు గనుక, పిల్లల్ని పంపుదామా వద్దా అని ఆలోచిస్తున్న తల్లిదండ్రులకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. సంస్థ పేరు రాయడం లేదు. అక్కడ నాకు బాధ కలిగించిన విషయం ఆ మేడ మీద పుట్టినది కాదు, దాదాపు తొంభై ఏళ్లుగా యానిమేషన్ సినిమాలతో పాటు ఊరూరికీ చేరినది. ఒక్క సంస్థను వేలెత్తి చూపితే మిగిలినచోట్ల అది లేదన్న అర్థం వస్తుంది.

ముందు బాగున్నదాని గురించి చెప్పాలి. పిల్లల్ని కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టి ఏవో మీటలు నొక్కించి పంపేస్తారేమోనని నేను సందేహపడ్డాను. కాని మొదటి పది రోజులూ కంప్యూటర్ ముట్టనివ్వలేదు. అడుగున దీపం వెలిగే అద్దపు బల్ల మీద ఒక కాగితం పైన మరో కాగితం పెట్టి, కింది గీత కనబడుతుండగా పై గీత ఎంత జరగాలో లెక్కచూసి గీయడం నేర్పించారు. తెర మీద సెకనుకు 24 చిత్రాలు నడుస్తాయని, చేత్తో గీసేవాళ్లు సాధారణంగా ఒక్కో బొమ్మను రెండు ఫ్రేముల పాటు నిలిపి సెకనుకు 12 బొమ్మలతో పని జరుపుతారని పిల్లలకు మొదటి రోజే అర్థమయ్యేలా చెప్పారు. ఆ తరువాత ఐదు రోజులు ఒక్క బంతి మీదే గడిచింది. బంతి నేలను తాకే క్షణంలో అణగాలి, పైకి లేచేటప్పుడు సాగాలి, అయితే ఎంత అణిగినా ఎంత సాగినా దానిలోని పదార్థం తరగినట్టు గానీ పెరిగినట్టు గానీ కనిపించకూడదు. ఇనప గుండు మాత్రం అణగదు, రెండుసార్లు కదిలి ఆగిపోతుంది. మా అమ్మాయి ఆ వారమంతా ఇంటి మెట్ల మీద నుంచి నిమ్మకాయను, టెన్నిస్ బంతిని, కొబ్బరి కురిడీని ఒకదాని తరువాత ఒకటి వదిలి, అవి ఎన్ని మెట్లు దూకుతున్నాయో పుస్తకంలో రాసుకునేది. ఒక వస్తువు బరువును కంటితో చూసి పట్టుకోవడం పన్నెండేళ్ల పిల్లకు నేర్పగలిగారంటే ఆ మాస్టారికి బోధన వచ్చునని నేను ఒప్పుకుంటాను. ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదేళ్ల యువకుడు; విసుగు లేదు, గొంతు పెంచడం లేదు, ప్రతి పిల్ల కాగితమూ చూడకుండా ఇంటికి పంపేవాడు కాదు.

సౌకర్యాల సంగతికొస్తే, 18 మంది పిల్లలకు అద్దపు బల్లలు ఆరే ఉన్నాయి, వంతులు వేసుకోవలసి వచ్చింది. కరెంటు పోయినప్పుడు ఉక్కపోత భరించడం కష్టమైంది. తాగే నీళ్లు ఇంటి నుంచి పంపడం మంచిది. ఇవన్నీ సర్దుకోదగినవే.

సర్దుకోలేకపోయిన విషయం పదకొండో రోజున ఎదురైంది. ఆ రోజు పాత్రల రూపకల్పన మొదలుపెట్టి, పిల్లలకు రెండు మోడల్ షీట్లు ఇచ్చారు. ఒక పాత్రను ఎంతమంది గీసినా ఒకే తీరుగా రావడానికి ముందుగా తయారుచేసుకునే కొలతల పటాన్ని మోడల్ షీట్ అంటారు. మొదటి షీట్‌లో మగ పాత్రలు తొమ్మిది ఉన్నాయి. గుమ్మడికాయ పొట్టతో వంటవాడు, తాటిచెట్టంత పొడవున్న లెక్కల మాస్టారు, తలుపంత భుజాలున్న వస్తాదు, వీపు వంగిన తాత, పళ్లు ఎత్తుగా ఉన్న కుర్రాడు, ఇలా ఎవరి ఆకారం వారిది. నీడ మాత్రమే చూపించినా ఎవరు ఎవరో చెప్పేయవచ్చు. రెండో షీట్‌లో ఆడ పాత్రలు మూడే ఉన్నాయి: అమ్మాయి, అమ్మ, మంత్రగత్తె. మంత్రగత్తెకు కొంకి ముక్కు, ముడతలు, గూని ఉన్నాయి. అమ్మాయికీ అమ్మకూ ముఖం ఒక్కటే. చీర కట్టు, జుట్టు ముడి తీసేస్తే తల్లి ఎవరో బిడ్డ ఎవరో నాకు తెలియలేదు.

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. శరీరాన్ని చూడగానే కొలతలు వెతకడం నాకు అలవాటు. ఆ సాయంత్రం స్కేలు పట్టుకుని అమ్మాయి బొమ్మను కొలిచాను. తల వెడల్పు 34 మిల్లీమీటర్లు, నడుము వెడల్పు 19. ఒక్కో కన్ను 13 మిల్లీమీటర్లు, మణికట్టు 6. నిజమైన మనిషిలో కనుగుడ్డు అడ్డుకొలత దాదాపు 24 మిల్లీమీటర్లు, మణికట్టు వెడల్పు అయిదు సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. అంటే మనిషికి మణికట్టు కన్ను కంటే రెండింతలైతే, ఆ బొమ్మకు కన్ను మణికట్టు కంటే రెండింతలు. తల కంటే సన్నని నడుములో కిలోన్నర బరువుండే కాలేయాన్ని, జీర్ణాశయాన్ని, ఆరు మీటర్ల చిన్నపేగును ఎక్కడ ఉంచాలో నేను చెప్పలేను. మా అమ్మ పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఆ కాగితాన్ని తీసుకుని చూసింది. "ఈ గుంటకి ఎవులూ కూడెట్టనేదేటి?" అని అడిగింది. అమ్మ ఏనాడూ యానిమేషన్ సినిమా చూసి ఎరగదు. బొమ్మలో ఉన్నదేమిటో ఆమెకు ఒక్క చూపులో తెలిసిపోయింది.

బొమ్మ అన్న తరువాత అతిశయోక్తి ఉండదా అని ఎవరైనా అడగవచ్చు. తప్పకుండా ఉంటుంది, ఉండాలి కూడా. మన ప్రబంధ కవులు నాయిక నడుమును ఆకాశంతో పోల్చి, అసలు ఉన్నదా లేదా అని సందేహపడ్డారు. అది పద్యమని తెలిసిన పెద్దవాళ్లు చదువుకుని సంతోషించారు, ఎవరూ దానితో కొలతలు వేసుకోలేదు. ఇక్కడ మాత్రం పన్నెండేళ్ల పిల్ల, తన ఒళ్లు పెరిగే వయసులో, ఆ నడుమును కొలతగా పెట్టుకుని రోజుకు ఇరవైసార్లు గీస్తోంది. పైగా అతిశయోక్తి మగ పాత్రల్లో నాలుగు దిక్కులకూ వెళ్లింది: ఒకరి పొట్ట పెరిగింది, ఒకరి మెడ సాగింది, ఒకరి కాళ్లు కురచబడ్డాయి. ఆడ పాత్రల్లో అది ఒకే దారిన నడిచింది, నడుము తగ్గించి కన్ను పెంచడం. దారి తప్పిన ఒకే ఒక్క స్త్రీని మంత్రగత్తెను చేశారు.

డిస్నీలో దశాబ్దాల పాటు పనిచేసిన ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో తమ పుస్తకంలో వివరించిన యానిమేషన్ సూత్రాలు పన్నెండింటిని ఈ తరగతిలో గోడ మీద అంటించారు. వాటిలో చివరిది ఆకర్షణ. ఆ షీట్‌లో అమ్మాయి బొమ్మ కింద "ఆకర్షణ" అని రాసి ఉంది, వంటవాడి బొమ్మ కింద రాయలేదు. కాని ఆ సూత్రానికి అర్థం అందం కాదు. చూస్తున్నవాళ్ల కన్ను ఆ పాత్ర మీద నిలవాలి, దుర్మార్గుడైనా సరే చూడాలనిపించాలి అన్నదే దాని భావం. గుమ్మడికాయ పొట్ట వంటవాడికి ఆ ఆకర్షణ నిండుగా ఉంది. చూడటానికి ఆసక్తి కలిగించడం అన్నదాన్ని ఆడపిల్ల దగ్గరికి వచ్చేసరికి చూడముచ్చటగా ఉండడం అని మార్చి చెప్పడమే ఈ శిక్షణలో అసలు పొరపాటని నా అభిప్రాయం.

పదిహేనో రోజున, ఎవరికి నచ్చిన మనిషిని వారు పాత్రగా గీయమన్నారు. మా అమ్మాయి కరణం మల్లీశ్వరిని గీసింది. ఆమె ఊరైన, ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట పేరు మా జిల్లాలో పిల్లలందరికీ తెలుసు. మహిళల వెయిట్‌లిఫ్టింగ్‌ను ఒలింపిక్స్‌లో మొదటిసారి చేర్చిన 2000 సిడ్నీ క్రీడల్లో, 69 కిలోల విభాగంలో, స్నాచ్‌లో (ఒక్క ఊపులో తల మీదికి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల మీదికి, ఆ తరువాత తల మీదికి ఎత్తడం) 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిన మల్లీశ్వరి, ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ స్త్రీ. బంగారానికి ఆమెకు తగ్గినవి రెండున్నర కిలోలే. మా తమ్ముడి ఇల్లు ఆమదాలవలసలో ఉండడం వల్ల, బరువులెత్తే ఆడపిల్లల్ని మా అమ్మాయి చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉంది. అరచేతులకు తెల్లటి పొడి రాసుకుని, కడ్డీ ముందు నిలబడి, ఊపిరి పొట్టలోకి నింపి బిగబట్టి, నడుము చుట్టూ వెడల్పాటి తోలు పట్టీని లాగి కట్టుకునే పిల్లలు వాళ్లు. బరువు భుజాల మీదికి వచ్చిన క్షణంలో తొడలు రెండు వైపులా ఉబ్బుతాయి, మెడ నరాలు తేలతాయి, నడుము మందంగా బిగుసుకుంటుంది. ఆ మందమే వెన్నెముకను కాపాడుతుంది. పొట్ట, వీపు కండరాలు నాలుగు వైపుల నుంచి బిగిసి ఒక పీపాలా నిలవకపోతే అంత బరువు కింద వెన్ను నిలవదు.

మా అమ్మాయి గీసిన బొమ్మలో ఇదంతా ఉంది. తొడలు రెండూ కలిపితే బొమ్మలో మూడో వంతు ఉన్నాయి. ముఖం ఎర్రబడి, బుగ్గలు పొంగి, కళ్లు చిన్నవైపోయి ఉన్నాయి. మాస్టారు దాన్ని చూసి మెచ్చుకుని, ఎర్ర పెన్సిల్ తీసుకుని దిద్దారు. నడుముకు రెండు పక్కలా లోపలికి వంగిన గీతలు వేశారు, భుజాలు తగ్గించారు, కళ్లు పెద్దవి చేసి రెప్పలు తగిలించారు, బిగిసిన పెదవుల్ని చిన్న చిరునవ్వుగా మార్చారు. "ఇప్పుడు అమ్మాయిలా ఉంది" అన్నారట. ఆయన మనసులో చెడు లేదు, తప్పు లెక్కను దిద్దినట్టే దిద్దారు. ఇంటికి వచ్చి ఆ కాగితం నా ముందు పెట్టి మా అమ్మాయి, "అమ్మా, ఈ నడుంతో 130 కిలోలు ఎత్తితే ఏమవుతుంది?" అని అడిగింది. బంతి బరువు గురించి ఐదు రోజులు నేర్చుకున్న పిల్ల అడగవలసిన ప్రశ్నే అది. ఇనప గుండు అణగకూడదని నేర్పిన చోటే, 130 కిలోల ఇనుము కింద నిలబడిన మనిషి విషయంలో బరువును మరచిపొమ్మన్నారు.

ఇలా దిద్దడం పెద్ద స్టూడియోల్లోనూ జరిగింది. 1995లో మొదటి సినిమా విడుదల చేసిన, ఇప్పుడు డిస్నీ సొంతమైన అమెరికా యానిమేషన్ సంస్థ పిక్సార్‌కు, ఆడపిల్ల ప్రధాన పాత్రగా సినిమా తీయడానికి 2012 వరకు, పదమూడో సినిమా వరకు పట్టింది. ఆ సినిమా "బ్రేవ్". తన కూతురితో తనకున్న అనుబంధంలోంచి ఆ కథను పుట్టించిన బ్రెండా చాప్‌మన్‌ను మధ్యలో తప్పించి వేరే దర్శకుడికి అప్పగించినా, చింపిరి జుట్టు, గుండ్రటి ముఖం, చేతిలో విల్లుతో ఉండే మెరిడా అనే ఆ అమ్మాయి రూపం మాత్రం నిలిచింది. మరుసటి ఏడాది, 2013లో, మెరిడాను తమ రాకుమార్తెల వరుసలో చేర్చే సందర్భంలో డిస్నీ ఆమె బొమ్మను మళ్లీ గీయించింది. నడుము సన్నబడింది, గౌను మెడ కిందికి జారింది, జుట్టు నున్నగా దువ్వినట్టయింది, విల్లు కనబడలేదు. చాప్‌మన్ బహిరంగంగా అభ్యంతరం చెప్పారు, రెండు లక్షల మందికి పైగా ఆ మార్పు వద్దని సంతకాలు చేశారు. మా అమ్మాయికి ఈ సంగతి చెప్పి రెండు బొమ్మలూ పక్కపక్కన చూపించినప్పుడు, తన కాగితం మీద ఎర్ర గీతలు ఎక్కడెక్కడ పడ్డాయో అక్కడక్కడే వేలు పెట్టి చూపించింది.

మరుసటి రోజు తరగతి అయ్యాక నేను మాస్టారితో మాట్లాడాను. ఆయన కోపగించుకోలేదు. "మేడమ్, నేను నేర్చుకున్నదీ ఇలాగే. రేపు పిల్లలు ఉద్యోగానికి వెళ్తే స్టూడియోలు అడిగేదీ ఇదే" అన్నారు. ఆ మాటలో కొంత నిజం ఉంది గనుకే నేను దాన్ని పక్కకు నెట్టలేకపోయాను. కాని ఆ పద్ధతిని ఎవరు స్థిరపరిచారో కూడా చూడాలి కదా. తెర మీది బొమ్మలకు సంబంధించిన సృజనాత్మకమైన పనులేవీ స్త్రీలు చేయరని, అవన్నీ యువకులే చేస్తారని, ఉద్యోగం అడిగిన ఒక అమ్మాయికి డిస్నీ సంస్థ 1938లో ఉత్తరం రాసి పంపింది. మగవాళ్లు గీసిన బొమ్మల్ని సెల్యులాయిడ్ రేకుల మీద సిరాతో దిద్ది రంగులు నింపే పని మాత్రం వందల మంది ఆడవాళ్లు చేసేవారు. ఆ సంస్థ యానిమేషన్ స్టూడియోలో పూర్తి నిడివి సినిమాకు ఒక స్త్రీ దర్శకత్వ బాధ్యత పంచుకోవడం 2013లో "ఫ్రోజెన్"తో జెన్నిఫర్ లీ దాకా జరగలేదు. ఆడవాళ్లను గీసే పద్ధతి, ఆడవాళ్లకు గీసే హక్కు లేని గదుల్లో తయారైంది. దాన్ని ప్రకృతి నియమంలా పిల్లలకు అప్పగించనవసరం లేదు.

ముఖ కవళికల పాఠంలోనూ ఇదే జరిగింది. మగ పాత్రకు కోపం వస్తే నుదురు ముడవవచ్చు, ముక్కుపుటాలు పొంగవచ్చు, నోరు ముఖమంతా విప్పవచ్చు. అమ్మాయి బొమ్మకు కోపం వచ్చినప్పుడు కనుబొమలు కొద్దిగా వంచి, పెదవులు ముడిస్తే చాలునని, ముడతలు వేస్తే "పెద్దదానిలా" కనిపిస్తుందని చెప్పారు. స్త్రీ పాత్రలకు ఎన్నో భావాలు పలికించాలి, అదే సమయంలో వాళ్లను అందంగా ఉంచాలి, అందుకే వాళ్లను యానిమేట్ చేయడం చాలా కష్టమని "ఫ్రోజెన్" సినిమాకు యానిమేషన్ విభాగాధిపతిగా పనిచేసిన లీనో డిసాల్వో 2013లో అన్నప్పుడు చాలామంది నొచ్చుకున్నారు, ఆ మాటను సందర్భం నుంచి విడదీసి చూశారని సంస్థ వివరణ ఇచ్చింది. సందర్భం ఏదైనా, అందంగా ఉంచాలన్న షరతు పెట్టిన తరువాత ఆ ముఖానికి మిగిలే భావాలెన్ని? బంతిని అణచడం, సాగదీయడం నేర్చుకున్న పిల్లలు ఆ విద్యను ఆడపిల్ల ముఖం మీద వాడకూడదని తెలుసుకుని ఇంటికి వచ్చారు.

నడక పాఠం గురించి కూడా చెప్పాలి. "ఆడవాళ్ల నడక" అని ఒక వరుస బొమ్మలిచ్చారు, అందులో అడుగడుక్కీ నడుము ఊగుతుంది. స్త్రీల కటి వలయం కొంత వెడల్పుగా ఉంటుంది గనుక నడకలో తేడా ఉండడం నిజమే, దాన్ని నేను కాదనను. అయితే మా వీధిలోకి పొద్దున్నే చేపల గంపతో వచ్చే ఆమె నడకను మా అమ్మాయి, నేను మేడ మీద నుంచి వారం రోజులు గమనించాము. తల మీద చుట్టకుదురు, దాని పైన గంప, గంపలో పదీ పదిహేను కిలోల చేపలు. మామూలు నడకలో తల ప్రతి అడుగుకూ కొంచెం లేచి పడుతుంది. ఆమె తల మాత్రం గీత గీసినట్టు ఒకే ఎత్తులో వస్తుంది. ఆ కుదుపునంతా మోకాళ్లు, మడమలు మింగేస్తాయి. అడుగులు పొట్టివి, చాలా వేగం. ఒక చేయి గంప అంచు మీద ఉంటే రెండో చేయి తెడ్డులా వెనక్కీ ముందుకూ ఊగుతుంది. ఆగి గంప దించేటప్పుడు ముందు మోకాళ్లు, ఆ తరువాతే నడుము. యానిమేషన్ నేర్చుకునే పిల్లకు ఇంతకంటే మంచి నడక పాఠం దొరకదు. మరి ఆ షీట్‌లో చేపలమ్మే మనిషి లేదు, నాట్లు వేసే మనిషి లేదు, నాలాగా రోజంతా నల్లబల్ల ముందు నిలబడి మడమలు నొప్పిపెట్టే మనిషీ లేదు.

నేను ఇలా మాట్లాడుతుంటే తరగతికి వచ్చిన మరో తండ్రి, "మరి బాపు బొమ్మ మాటేమిటండి? మనమే కదా అందమైన పిల్లను బాపు బొమ్మ అంటాం" అన్నారు. న్యాయమైన ప్రశ్న. బాపు గారి గీత నాకు ప్రాణం. పెద్ద కళ్లు, సన్నని నడుము, వాలుజడ ఆ బొమ్మకు గుర్తులన్న సంగతీ నిజమే. కాని అదే చేయి బొద్దుగా ఉన్న పిన్నిగార్లను, నోరు చేసుకునే అత్తగార్లను, అల్లరి పిల్లల్ని గీసింది, వాళ్లెవరూ మంత్రగత్తెలు కాదు. శ్రీకాకుళంలో 1921లో పుట్టిన వడ్డాది పాపయ్య గారి స్త్రీలు కూడా అందగత్తెలే; మా ఇంట్లో దాచుకున్న పాత చందమామలను ఆయన గీసిన అట్టల కోసమే ఈ రోజుకీ తీసి చూస్తాను. విజయనగరం చిత్రకారుడు అంట్యాకుల పైడిరాజు గారి పల్లె పడుచులను చూసినప్పుడు ఆ నిలకడ, ఆ బరువు కనబడతాయి. నా బాధ అందమైన అమ్మాయిని గీసినందుకు కాదు. పిల్లలకు ఇచ్చిన కాగితం మీద మరో అమ్మాయి లేనందుకు.

లెక్కల్లో చూసినా అదే కథ. షీట్లలో 12 పాత్రలకు 3 ఆడ పాత్రలు, అంటే నాలుగో వంతు. హాలీవుడ్ నటి జీనా డేవిస్ 2004లో స్థాపించిన సంస్థ, 2006 నుంచి 2009 వరకు వచ్చిన 122 కుటుంబ సినిమాలను పరిశీలించినప్పుడు మాట్లాడే పాత్రల్లో ఆడవాళ్లు 29.2 శాతమే తేలారు. మగపిల్లల గుంపులో ఒక్క ఆడపిల్లను పెట్టి సరిపెట్టే అలవాటుకు రచయిత్రి కాథా పాలిట్ 1991లోనే, ఒక కార్టూన్‌లోని ఏకైక ఆడ పాత్ర స్మర్ఫెట్ పేరు మీదుగా, పేరు పెట్టారు. మన హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ సంస్థ 2008 నుంచి నడుపుతున్న "ఛోటా భీమ్" చూస్తూ పెరిగిన పిల్ల మాది. అందులో కాలియా లావు, ఢోలూ భోలూ సన్నం, రాజు చిట్టి, జగ్గు ఏకంగా కోతి. ఆ జట్టులో రోజూ తిరిగే ఆడపిల్ల చుట్కీ ఒక్కతే. చుట్కీని పిల్లలా గీశారే గాని పడుచులా గీయలేదు, అందుకు వాళ్లను మెచ్చుకోవాలి. అయినా ఆడపిల్ల ఒక్కతే అయినప్పుడు, లోకంలోని ఆడపిల్లలందరి తరపునా ఆ ఒక్కతే ఉండవలసి వస్తుంది.

మార్పు వచ్చిన సినిమాలు లేకపోలేదు, వాటిని ఈ తరగతిలో చూపించకపోవడం నాకు లోటనిపించింది. 2016లో వచ్చిన "మోవానా"లో అమ్మాయి కాళ్లు పడవ మీద నిలబడగల కాళ్లు. 2021 నాటి "ఎన్‌కాంటో"లో లూయిసా భుజాలు, చేతులు చూసి మా అమ్మాయి సోఫాలోంచి లేచి నిలబడింది. కండలు తిరిగిన ఆడ మనిషి మంచిది కూడా అయి ఉండడం తను తెర మీద చూడడం అదే మొదటిసారి. 2022లో డోమీ షీ దర్శకత్వం వహించిన "టర్నింగ్ రెడ్"లో పదమూడేళ్ల మెయ్ ముఖం ఉప్పొంగుతుంది, అణుగుతుంది, నోరు చెవుల దాకా సాగుతుంది. పిక్సార్‌లో ఒక స్త్రీ ఒంటరిగా దర్శకత్వం చేసిన మొదటి పూర్తి నిడివి సినిమా అది కావడానికీ, ఆ ముఖం అంత స్వేచ్ఛగా కదలడానికీ సంబంధం ఉందని నేను నమ్ముతున్నాను.

మాస్టారు చేసిన ఒక పనిని ఇక్కడ తప్పక చెప్పాలి. షీట్లు ఈ విడతకు మార్చలేనని, అవి పైనుంచి వచ్చినవని అన్నారు గాని, ఆఖరి వారంలో పిల్లలందరికీ ఒక పని ఇచ్చారు: ఇంట్లో పని చేస్తున్న ఒక ఆడ మనిషిని చూసి, ఆమెను కూర్చోమనకుండా, కదులుతుండగానే గీసి తీసుకురావాలి. చివరి రోజు తల్లిదండ్రులకు చూపించిన వాటిలో రుబ్బురోలు ముందు కూర్చున్న నాయనమ్మ ఉంది, స్కూటీ స్టాండు వేయలేక తిప్పలు పడుతున్న పిన్ని ఉంది, ఇంజెక్షన్ సూదిని వెలుతురుకు పెట్టి చూసే నర్సమ్మ ఉంది. ఏ ఇద్దరి నడుమూ ఒక్కలా లేదు. తొమ్మిదేళ్ల బాబు ఒకడు వాళ్లమ్మ జడ వేసుకునేటప్పుడు మోచేయి తల వెనక్కి ఎలా వెళ్తుందో ఎనిమిది బొమ్మల్లో పట్టుకున్నాడు. మా అమ్మాయి ఆరు సెకన్ల చిత్రం చేసింది, 72 బొమ్మలు. కడ్డీ తల మీదికి ఎత్తిన తరువాత, దించమని సైగ వచ్చే వరకు కదలకుండా నిలవాలి గనుక, ఆ రెండు సెకన్లకు ఒక్క బొమ్మనే నిలిపేద్దామనుకుంది. అలా నిలిపితే బొమ్మ చచ్చిపోతుందని, మోచేతుల్లో, తొడల్లో సన్నని వణుకు ఉండాలని మాస్టారే పక్కన కూర్చుని చూపించారు. ఆ వణుకు కనబడడానికి తొడలు ఎంత లావుండాలో అంత లావునా గీయనిచ్చారు.

నా లెక్కలో కదలిక నేర్పే భాగానికి ఐదుకు ఐదు, పాత్రల రూపకల్పనకు ఐదుకు ఒకటి ఇస్తాను. 4,500 రూపాయలు దండగ అనను. బంతి పాఠం ఒక్కటే సగం డబ్బుకు సరిపోతుంది. దసరా తరగతి పది రోజులని, ఫీజు 2,000 రూపాయలని చెప్పారు. మీరు చేర్పించాలనుకుంటే డబ్బు కట్టే ముందు మోడల్ షీట్లు రెండూ చూపించమని అడగండి, ఆడ పాత్రలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి, చేతిలో స్కేలు ఉంటే తలను, నడుమును కొలవండి. నేను మాస్టారికి ఆమదాలవలసలో తీసిన బరువులెత్తే పిల్లల ఫోటోలు, వాళ్ల పెద్దల అనుమతితో, ఇచ్చాను. వాటితో కొత్త షీట్ గీయిస్తానని అన్నారు. అది సిద్ధమైతే మా అమ్మాయిని పంపిస్తాను. పాత షీటే ఇస్తే, పాత్రల పాఠం జరిగే మూడు రోజులూ ఇంట్లోనే ఉంచి, మిగిలిన ఏడు రోజులకు పంపిస్తాను.